ఒలింపిక్ క్రీడల చరిత్రయు మన యాటస్థలమును

ప్రతి సంవత్సరమును ఈ సంచికలో ఆటలనుగూర్చి యొక పుట యుండుట వాడుక. ఏ జట్టు గెలిచినది, కప్పు ఎవరికి వచ్చినది, ఎవరు ఎంత దూరము దూకిరి అను వివరములతో ఆ పుట నిండును. ఈ యేడు ఆ వివరములు వేఱొకచోట నున్నవి. ఇచ్చట మేము వ్రాయదలచినది మఱియొక సంగతి.

పరీక్షలు సమీపించుచున్నవి గావున తొమ్మిదవ, పదవ తరగతుల బాలికలకు వారమునకు రెండు మారులు వచ్చు ఆటల గంటను తీసివేసి, ఆ కాలమును గణితమునకు ఇయ్యవలెనని కొందఱు తల్లిదండ్రులు కోరియున్నారు. బాలుర విషయమున అట్టి కోరిక రాలేదు. కోరినవారు ఈ పాఠశాలకు హితులు. తమ బిడ్డలయందు వారికి గల ప్రేమను మేము శంకింపము. ఐనను ఈ కోరిక సరియైనది కాదని మా యభిప్రాయము. ఆ మాట చెప్పుటకు ఒలింపిక్ క్రీడల చరిత్రకంటె మంచి సాక్ష్యము మాకు దొరకలేదు. కాబట్టి పాఠకులు కొంచెము ఓపికతో మావెంట గ్రీసు దేశమువఱకు వచ్చి మరల అనంతపురము చేరవలెనని వేడుచున్నాము.

క్రీస్తునకు పూర్వము 776వ సంవత్సరమున ఒలింపియా యను క్షేత్రమున జరిగిన పఱుగుపందెములో కొరోయిబస్ అను వంటవాడు గెలిచెనని గ్రీకులు లెక్క వ్రాసికొనిరి. ఆ పందెము మైదానము ఈ చివరనుండి ఆ చివరవఱకే; మన కొలతలో సుమారు 192 మీటర్లు. గొప్ప రాజుల పేరులతో గాక వంటవాని పేరుతో మొదలైన పట్టిక యగుటచేత మాకు అది ప్రీతిపాత్రము. కాని ఆ పట్టికకు రెండవ ప్రక్క యొకటి కలదు. పెండ్లియైన స్త్రీలు ఆ యాటలను చూచుటకైనను వీలులేదు. పట్టుబడిన స్త్రీని కొండమీదినుండి త్రోసివేయవలెనని శాసన ముండెనని పౌసేనియస్ అను యాత్రికుడు వ్రాసియున్నాడు. కల్లిపటీరా యను విధవ తన కుమారునికి తానే శిక్ష యిచ్చి, పురుషవేషముతో లోపలికి వచ్చి, కుమారుడు గెలిచిన సంతోషములో కంచె దాటి దూకగా గుట్టు బయటపడెనట. తండ్రియు సోదరులును కుమారుడును ఒలింపియాలో గెలిచినవారగుటచేత ఆమెను క్షమించి విడిచిపెట్టిరి. క్షమించిరే గాని నియమమును మార్చలేదు. కన్యలకు మాత్రము హేరా దేవి పేర వేఱుగా పఱుగుపందెము లుండెను. అందులకై మైదానపు పొడవులో ఆఱవ వంతు తగ్గించిరి.

ఆ ప్రాచీన క్రీడలు క్రీస్తుశకము 4వ శతాబ్దపు చివర నిలిచిపోయినవి. పదునైదువందల యేండ్ల తరువాత అవి మరల పుట్టినవనగా చక్రవర్తుల కొలువులోనో లక్షాధికారుల భవనములలోనో పుట్టెనని మన పిల్లలు తలచెదరు. అట్లు కాదు. ఇంగ్లండులో మచ్ వెన్‌లాక్ అను చిన్న యూరిలో విలియం పెన్నీ బ్రూక్స్ అను వైద్యుడు, ఊరివారి దేహములు బాగుపడవలెనని 1850వ సంవత్సరమున ఏటేట ఆటలు పెట్టించుట మొదలిడెను. ఫ్రాన్సు దేశీయుడగు పియేర్ ద కూబర్టిన్ ప్రభువు 1890లో ఆ యూరికి వచ్చి ఆ యాటలు చూచెను. ఆ మఱుసటి సంవత్సరము పారిస్ దగ్గఱనున్న ఆర్కేయ్ అను చోట ఒక పాఠశాల క్రీడోత్సవమున, ఆ పాఠశాల పెద్దయగు డిడాన్ అను క్రైస్తవ గురువు పిల్లలకు మూడు లాటిన్ మాటలు చెప్పెను: ఇంకను వేగముగా, ఇంకను ఎత్తుగా, ఇంకను బలముగా అని వాని యర్థము. ఆ మాటలే 1894లో కూబర్టిన్ స్థాపించిన అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమునకు ధ్యేయవాక్యమైనవి. ఒక పల్లెటూరి వైద్యుడు, ఒక బడిపెద్ద: ఇంత పెద్ద మఱ్ఱికి విత్తనములు ఇవి. మన పాఠశాల క్రీడోత్సవమును పిల్లకాయల సందడి యని తీసివేయువారికి ఈ సంగతి తెలియునో తెలియదో!

1896వ సంవత్సరము ఏప్రిలు నెలలో ఏథెన్సు నగరమున మొదటి నవీన ఒలింపిక్ క్రీడలు జరిగెను. 14 దేశములనుండి సుమారు 240 మంది వచ్చిరి. అందఱును పురుషులే. ఆ క్రీడలలో మిక్కిలి కీర్తి సంపాదించినవాడు మారథాన్ పందెము గెలిచిన స్పిరిడాన్ లూయిస్. సుమారు 40 కిలోమీటర్ల దూరమును 2 గంటల 58 నిమిషముల 50 సెకండ్లలో పఱుగెత్తి వచ్చిన యీతడు వృత్తిచేత నీళ్లు మోయువాడు. తన యూరినుండి ఏథెన్సు నగరమునకు నీళ్లు చేరవేయుట అతని జీవనము. గ్రీకు రాకుమారులిద్దఱు మైదానములో అతనితోపాటు పఱుగెత్తిరి.

ఈ సంగతి చదివినపుడెల్ల మాకు మన బాలికలే గుర్తునకు వత్తురు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడుటయే గగనమైన యీ మెట్టసీమలో నీళ్లు మోయువారెవరు? కొళాయి వచ్చిన యూళ్లలోను వేసవి వచ్చెనా, బోరు ఎండెనా, ట్యాంకరు దగ్గఱకు బిందె తీసికొని మొదట పఱుగెత్తునది ఇంటి యాడుబిడ్డయే గదా. చంకను బిందె, తలమీద బిందె పెట్టుకొని గరుసునేల మీద వట్టికాళ్లతో నడచివచ్చునప్పుడు ఆమె దేహము చెడునని ఎవ్వరును అనరు. అదే బిడ్డ చేతులు ఖాళీగా పెట్టుకొని మైదానము చుట్టు నాలుగు మారులు పఱుగెత్తెనా, నల్లబడుననియు, నీరసపడుననియు, సంబంధములు రావనియు భయపడుదురు.

ఏథెన్సులో ఆ యేడే మఱియొక సంగతి జరిగెను. స్టమాటా రెవిథి యను బీద స్త్రీ మారథాన్ పందెములో తననుగూడ చేర్చుకొనుడని యడిగెను. చేర్చుకొనలేదు. పురుషుల పందెము జరిగిన మఱునాడు ఆమె ఒంటరిగా అదే దారిని పఱుగెత్తి వచ్చెను. మైదానములోనికి మాత్రము రానీయలేదు. నీళ్లు మోయువానికి రాకుమారులు ఎదురువచ్చిరి, ఈమెకు ద్వారము మూసిరి. కూబర్టిన్ ప్రభువు ఎంత గొప్పవాడైనను ఈ విషయమున తుదివఱకు మనసు మార్చుకొనలేదు. పోటీలు పురుషులవి, చప్పట్లు స్త్రీలవి అని ఆయన తలంపు. ఆయన చేసిన మేలును గౌరవించుచునే ఈ తప్పును తప్పనుట మా విధి.

1900లో పారిస్ క్రీడలకు వచ్చిన 997 మందిలో 22 మంది స్త్రీ లుండిరి. టెన్నిస్, గోల్ఫు మొదలగు మర్యాదస్థుల యాటలలో వారికి చోటు దొరకెను. పఱుగు దూకుడు పోటీలలో వారిని మొదట చేర్చుకొన్నది 1928లో ఆమ్‌స్టర్‌డామునందు. అచ్చట జరిగినదానిని మా పాఠకులు శ్రద్ధతో వినవలెను. ఈ వ్యాసమంతటికిని అదియే ప్రాణము.

ఆ క్రీడలలో స్త్రీలకు 800 మీటర్ల పందెము పెట్టిరి. తుదిపందెమున తొమ్మిదిమంది పఱుగెత్తిరి. జర్మనీకి చెందిన లీనా రాడ్కె 2 నిమిషముల 16.8 సెకండ్లలో గెలిచి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. రెండవది జపాను బాలిక కినూయె హిటోమి; ఒలింపిక్ పతకము పొందిన ఆసియాఖండపు స్త్రీలలో ఆమె మొదటిది. తొమ్మిదిమందియు గీత దాటిరి. దాటినతరువాత కొందఱు అలసి గడ్డిమీద పడుకొనిరి. పురుషులు అట్లు పడుకొనరా? ప్రతి పందెమునను పడుకొందురు. ఐనను మఱునాటి పత్రికలు కొన్ని, స్త్రీలు సగములోనే కూలిపోయిరనియు, ఆ దృశ్యము చూడ శక్యము కాకుండెననియు వ్రాసెను. పందెము చూడనివారు చూచినట్లు వ్రాసిరి, చదివినవారు నమ్మిరి, వైద్యులు కొందఱు తలలూపిరి. ఇంతపొడవు పఱుగు స్త్రీల దేహమునకు తగదని ఆ పందెమును తీసివేసిరి. అది తిరిగి వచ్చినది 1960లో, రోము క్రీడలలో. ఒక అబద్ధపు వార్త 32 సంవత్సరములు నిలిచెను! ఆ 32 యేండ్లలో పుట్టి, పెరిగి, పఱుగెత్తగలిగియు పఱుగెత్తక ముసలివారైన స్త్రీ లెందఱో. వారి పేరులు ఏ పట్టికలోను లేవు.

తరువాతి కథ త్వరగా చెప్పెదము. 1972లో 1,500 మీటర్లు, 1984లో మారథాన్ స్త్రీలకు దొరకెను. ఆ 1984లోనే లాస్ ఏంజెలెస్ నగరమున స్త్రీలకు 400 మీటర్ల హర్డిల్స్ మొదటిమారు పెట్టగా, మన పి. టి. ఉష సెకండులో నూఱవ వంతు తేడాతో పతకము పోగొట్టుకొనెను. ఆమె కాలము 55.42, మూడవయామె కాలము 55.41. ఆ యుషయే 2022లో భారత ఒలింపిక్ సంఘమునకు అధ్యక్షురాలయ్యెను. స్త్రీపురుషులకు సమానముగా చోట్లు కేటాయించినది 2024 పారిస్ క్రీడలలో మాత్రమే. అనగా వంటవాడు గెలిచిన దినమునుండి లెక్కించిన 2,800 సంవత్సరములు.

ఇక మన దేశము మాట. 1900లో నార్మన్ ప్రిచర్డ్ అను కలకత్తావాడు పారిస్‌లో రెండు రజతపతకములు గెలిచినను, జట్టుగా మనవారు పోయినది 1920లో, సర్ దొరాబ్జీ టాటా పూనికవలన. అదే 1920లో హారీ క్రో బక్ అను అమెరికా దేశీయుడు మద్రాసునందు వై. ఎం. సి. ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. అప్పుడు మన జిల్లా మద్రాసు రాజధానిలోనిది. మన పెద్దలు డ్రిల్లు మాస్టరని పిలిచిన యుపాధ్యాయుడు, ఆయన యీల, ఆయన ఖాకీ నిక్కరు, ఇవి దక్షిణదేశపు బడులలో స్థిరపడుటకు ఆ కళాశాల ముఖ్యకారణము. 1924లో పారిస్‌కు వెళ్లిన మన జట్టుతో బక్ కూడ వెళ్లెను. 1928లో హాకీయందు మనకు మొదటి స్వర్ణపతకము వచ్చినపుడు జట్టు నాయకుడు జైపాల్ సింగ్ ముండా, రాంచీలోని మిషను పాఠశాలలో చదువుకొన్న గిరిజన బాలుడు. తరువాత రాజ్యాంగసభలో గిరిజనుల పక్షమున నిలిచి మాట్లాడినవాడు. ఆ పోటీలలో మనవారు 29 గోల్సు వేసి ఒక్కటియు వేయించుకొనలేదు. ఆటలవలన చదువు చెడునని చెప్పువారు ఈ జైపాల్ సింగు జీవితమును ఒకమారు చదువుదురు గాక; ఆయన ఆక్స్‌ఫర్డు పట్టభద్రుడు.

తెనుగువారి భాగము చిన్నది కాదు. హైదరాబాదులో బడిపంతులుగా నుండిన సయ్యద్ అబ్దుల్ రహీము 1950నుండి భారత ఫుట్‌బాలు జట్టును తీర్చిదిద్దెను. 1948 లండను క్రీడలలో మనవారు చాలమంది వట్టికాళ్లతో ఆడి ఫ్రాన్సుచేత 2-1 తేడాతో ఓడిరి. రెండు పెనాల్టీలు చేజార్చుకొనిరి. రహీము చేతిలో ఆ జట్టు 1951లో ఢిల్లీయందును 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణము గెలిచి, నడుమ 1956 మెల్బోర్నులో ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి నాలుగవ స్థానమువఱకు వచ్చెను. పాఠము చెప్పినట్లే ఆట చెప్పెనని ఆయన శిష్యులందురు. 1963లో ఆయన కాలధర్మము నొందినపిమ్మట మన ఫుట్‌బాలు మరల అంత దూరము పోలేదు.

స్త్రీల విషయమున తెనుగునాడు దేశమునకే దారి చూపినది. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో 1975లో పుట్టిన కరణము మల్లీశ్వరి బరువులెత్తుటలో ప్రపంచ విజేత యయ్యెను. ఐనను 1996 వఱకు ఒలింపిక్ క్రీడలలో ఆమెకు చోటులేదు, ఏలనన స్త్రీలకు ఆ పోటీయే లేదు. 2000వ సంవత్సరమున సిడ్నీలో మొదటిమారు తలుపు తెఱిచిరి. తెఱిచిన యా మొదటిమారే ఆమె లోపలికి నడచి, 110 కిలోలును 130 కిలోలును, మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము గెలిచిన భారత స్త్రీలలో ఆమె ప్రథమురాలు. స్వర్ణము గెలిచినామె యెత్తినది 242.5, తేడా రెండున్నర కిలోలు. చివరి ప్రయత్నమున మల్లీశ్వరి 137.5 కిలోలడిగి ఎత్తలేకపోయెను. అంత కోరక కొంచెము తక్కువ యడిగియుండిన బాగుండెడిదని లెక్కలు వేయువారు నేటికిని కలరు. మాకైతే ఆ పెద్ద బరువు కోరిన మనసే మెచ్చుకోలుగా నున్నది. అటుపిమ్మట సైనా నెహ్వాల్ 2012లో కాంస్యము, పి. వి. సింధు 2016లో రజతమును, 2021లో జరిగిన టోక్యో క్రీడలలో కాంస్యమును తెచ్చిరి. విశాఖపట్టణమున ప్రైవేటు కాపలాదారు కుమార్తెయగు జ్యోతి యర్రాజి, 2024 పారిస్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పఱుగెత్తిన మొదటి భారత స్త్రీ.

ఇంకొక తలుపు కథ చెప్పక తప్పదు. 1948 జూలై 29వ తేదీన, లండను ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినముననే, స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టరు లుడ్విగ్ గట్‌మన్ వెన్నెముక దెబ్బతిన్న 16 మందికి చక్రపుకుర్చీలమీద విలువిద్య పోటీ పెట్టెను. అదియే పెరిగి 1960లో పారాలింపిక్ క్రీడలైనది. బుద్ధిమాంద్యము గలవారికిని అందులో చోటిచ్చిరి. కాని 2000లో సిడ్నీయందు స్పెయిను బాస్కెట్‌బాలు జట్టులో చాలమంది ఏ లోపమును లేనివారై యుండియు మోసముచేసి స్వర్ణము గెలిచిరి. ఆ తప్పు చేసినది ఆరోగ్యవంతులు. శిక్ష పడినది నిజముగా ఆ లోపము గలవారికి. 2004లోను 2008లోను వారినందఱిని బయట నుంచిరి. 2012లో మరల కొన్ని పోటీలలో రానిచ్చిరి. అట్లు రానిచ్చినందువలననే వరంగల్లు సీమలోని కల్లెడ గ్రామమునుండి కూలివారి బిడ్డ జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్ క్రీడలకు పోయి, 400 మీటర్లను 55.82 సెకండ్లలో పఱుగెత్తి కాంస్యము గెలిచెను. ఆ బిడ్డను చిన్ననాట ఊరివారు కొందఱు ఎగతాళి చేసిరట. ఆ ఎగతాళి మాటలు మన యూళ్లలో వినబడవని ఎవరైన ప్రమాణము చేయగలరా?

పాఠకులారా, గ్రీసు వఱకు పోయి వచ్చితిమి. ఇప్పుడు మన యాటస్థలమునకు వచ్చెదము.

మన మైదానమున గడ్డి లేదు. ఎఱ్ఱగరుసు, నడుమ నడుమ రాతిపలుకులు; క్రీడోత్సవమునకు ముందు పిల్లలే రాళ్లేఱి సున్నము వేయుదురు. త్రాగుటకే నీరు చాలనిచోట గడ్డికి నీరు పెట్టుట పాపమని మేమును ఒప్పుకొందుము. ఐతే గడ్డి లేనిచోట ఆట లేదనుట తప్పు. మన చెడుగుడును చూడుడు. దానికి కావలసినది ఒక గీత, ఊపిరి, ఏడుగురు స్నేహితులు. 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడల సందర్భమున అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు దీనిని ఆడి చూపిరి. 1990లో ఆసియా క్రీడలలో చేరినది; స్త్రీలకు 2010లో దొరకినది. ఇక్కడ గూడ ఇరువదేండ్ల యాలస్యము!

మన పట్టణమునందే మంచి యుదాహరణము కలదు. స్పెయిను దేశమునుండి వచ్చి 1969నుండి ఈ జిల్లాలో పనిచేసి 2009లో మరణించిన విన్సెంట్ ఫెర్రర్ గారి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారు అనంతపుర క్రీడాగ్రామమును నెలకొల్పిరి. ఫుట్‌బాలు, హాకీ, టెన్నిస్, జూడో మొదలగునవి అచ్చట పల్లెపిల్లలకు నేర్పుచు వచ్చిరి. 2008 ఒలింపిక్ టెన్నిస్ స్వర్ణవిజేత రఫాయెల్ నడాల్ తన సంస్థ పక్షమున 2010లో అచ్చట టెన్నిస్ పాఠశాల తెఱచి, స్వయముగా మన యెండలోనికి వచ్చెను. వేరుశనగ చేనునుండి వచ్చిన బిడ్డ రాకెట్టు పట్టుకొనుట వింతగాదని అది చూపినది. ఆ బిడ్డలందఱును పతకములు తేవలెనని మేము కోరము. బంతి యెదుట భయపడక నిలిచిన బిడ్డ రేపు బ్యాంకు కిటికీ యెదుటను తహసీలుదారు బల్ల యెదుటను భయపడక నిలుచును; అంతమాత్రమే మా యాశ.

మా దేశమునకు 2036 ఒలింపిక్ క్రీడలు రావలెనని 2024 అక్టోబరులో భారత ఒలింపిక్ సంఘము కోరికపత్రము పంపినది. వచ్చినచో సంతోషింతుము. కాని అది వచ్చినంతమాత్రమున పల్లెబడిలో బంతి వచ్చునని నమ్మము. 2003లో హైదరాబాదున మొదటి ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగెను; 96 దేశములవారు వచ్చిరి, ఎనిమిది యాటలాడిరి, మనదేశము రెండవ స్థానమున నిలిచెను, ఎచట చూచినను దీపములు. రెండవ ఆఫ్రో-ఆసియా క్రీడలు ఆల్జీర్సులో జరుగవలెననిరి, నేటికిని జరుగలేదు. గొప్ప సభామంటపములు ఊరేగింపు రోజున పనికివచ్చును. 140 కోట్ల జనము గల దేశము 2024 పారిస్‌లో తెచ్చుకొన్నవి ఆఱు పతకములు, అందు స్వర్ణము లేదు. లోపము మంటపములలో లేదు, బడిగంటలలో నున్నది. ఆటల గంటను తీసివేయు బడులు పదివేలున్నచో ఒక అహమదాబాదు స్టేడియము ఆ లోటు తీర్చునా?

గణితము మాటకు వత్తుము. ఆటల గంట 40 నిమిషములు, వారమునకు రెండు, పరీక్షలవఱకు ముప్పది వారములు. మొత్తము 2,400 నిమిషములు, అనగా 40 గంటలు. ఇది తక్కువ కాలము కాదు. పదవతరగతి తప్పిన బాలికకు ఈ సీమలో ఏమి కాచుకొనియుండునో మాకు తెలియును: పెండ్లి, లేకున్న కూలి. తల్లిదండ్రుల భయము వట్టిది కాదు. కాని అదే తరగతి బాలురకు ఆ 40 గంటలు అక్కఱ లేదా? వారికి లెక్కలు తల్లిగర్భముననే వచ్చెనా? అక్కఱ యున్నచో ఇద్దఱికిని సమానముగా వేఱుచోట వెదకుదము. ఉదయము ప్రార్థనకు ముందు అరగంట కలదు. శనివారము మధ్యాహ్నము కలదు. గణితోపాధ్యాయులు శనివారము రెండు గంటలు చెప్పుటకు సిద్ధముగా నున్నారు. వారికి మేము కృతజ్ఞులము.

కొన్ని ఆక్షేపణలు నిజమైనవి, వానిని దాటవేయము. మైదానమున బాలికలతో నుండుటకు ఒక ఉపాధ్యాయిని లేరు. బట్టలు మార్చుకొను గది లేదు. ఉన్న గదిలో విఱిగిన బల్లలు పడియున్నవి. మధ్యాహ్నపు టెండలో పఱుగెత్తింపరాదు. ఉదయమేమియు తినక వచ్చిన బిడ్డచేత పఱుగెత్తింపరాదు. అట్టివారు మన బడిలో ఎందఱో తరగతి యుపాధ్యాయులకు తెలియును, పేరులు వ్రాయ నక్కఱలేదు. ఇంటికి పోవు కడపటి బస్సు అయిదుంబావుకు పోవును. ఇవి తీర్చవలసిన లోపములే గాని గంట నెత్తివేయుటకు కారణములు కావు. కప్పు కాఱుచున్నదని ఇల్లు విడిచిపెట్టము గదా.

బల్లల గదిని ఖాళీ చేయించుటకు పాఠశాల పెద్దలు అంగీకరించియున్నారు. తెలుగు చెప్పు ఉపాధ్యాయిని మంగళ, శుక్రవారములందు మైదానమునకు వత్తుననిరి. తమకు ఆటలు రావని వారు చెప్పగా, ఈల యూదుట వచ్చిన చాలునని మేము మనవి చేసితిమి. బెల్లము కలిపిన రాగిజావ ఒక గ్లాసు చొప్పున ఇచ్చుటకు పూర్వవిద్యార్థు లిద్దఱు ముందుకు వచ్చిరి, పేరు వేయవలదనిరి. గంటను మాత్రము ఎండ తగ్గిన నాలుగు గంటలకు మార్చి, నాలుగు నలువదికి ముగింతురు. బస్సునకు అరగంటకు పైగా వ్యవధి యుండును. ఇన్ని కుదిరినపిమ్మటను ఒప్పని తల్లిదండ్రు లున్నచో బడికి వచ్చి మాతో వాదింపుడు. మీ కోరిక కారణములతో వ్రాసి యిచ్చినచో దానిని గూడ వచ్చు సంచికలో ఈ పుటలోనే ప్రకటింతుము.

రానున్న క్రీడోత్సవమున బాలికలకు ఇదివఱకున్న చెంచాలో నిమ్మకాయ, సంచి పఱుగులతోపాటు 800 మీటర్ల పందెము నొకటి చేర్చినాము. మన మైదానము చుట్టుకొలత 200 మీటర్లు గావున నాలుగు చుట్లు. గీత దాటినపిమ్మట ఎవరైనను అలసి పడుకొనదలచినచో తూర్పువైపు వేపచెట్టు క్రింద చాపలు వేయించెదము. పేరులు డ్రిల్లు మాస్టరుగారియొద్ద ఈయవలెను. ఇప్పటికి పదునొకండు వచ్చినవి.